తెచ్చిన సరుకు, పంపిన సరుకు

శ్రీనాథుడి హరవిలాసం అవతారికలో అవచి శెట్ల ఓడబేరాన్ని వర్ణించే సీసపద్యం ఒకటుంది. సురవరం ప్రతాపరెడ్డిగారి దగ్గర్నుంచి మన సాంఘిక చరిత్రకారులు దాన్ని తెలుగువారి విదేశ వాణిజ్యానికి సాక్ష్యంగా చూపుతూనే ఉన్నారు. అందులో ఎనిమిది సరుకులున్నాయి, ఎనిమిది చోట్లున్నాయి. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, భోటదేశం నుంచి కస్తూరి, చీనా నుంచి పట్టుబట్టలు, ఇంకా కర్పూరం, బంగారం, ముత్యాలు, సంకుమదం. ప్రతి సరుకు చివరా ఒకటే క్రియ: తేవడం.

మరి ఆ ఓడలు ఇక్కణ్ణుంచి ఖాళీగా వెళ్ళాయా?

పద్యాన్ని ఎన్నిసార్లు చదివినా దీనికి జవాబు దొరకదు. వాణిజ్యం అన్నాక తెచ్చిన పద్దు ఒక పక్క, పంపిన పద్దు ఒక పక్క ఉండాలి. మా వీధిలో చిల్లరకొట్టువాడి చిట్టా కూడా అలాగే ఉంటుంది. మన కావ్యాల్లో మాత్రం ఒక పక్కే ఉంది. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకునే నాకు ఆర్థికశాస్త్రంతో పెద్ద పరిచయం లేదు. కాని సాహిత్యంలో ఖాళీగా వదిలిన చోటు ఎక్కడుందో చూడటం విమర్శకుడి పనే కనుక ఈ రెండో పక్కను వెదకడానికి పూనుకున్నాను.

శ్రీనాథుణ్ణి తప్పుపట్టి ప్రయోజనం లేదు. కొమరగిరిరెడ్డి (1386–1402) వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు అవచి తిప్పయశెట్టి. కావ్యం అంకితమైందీ ఆయనకే. కవి చూపు రాచనగరు వాకిట్లో ఉంది. అక్కడికి చేరేది కనబడుతుంది గాని రేవులో ఓడకెక్కేది కనబడదు. నూరేళ్ళ తర్వాత కృష్ణదేవరాయలు స్వయంగా రాజనీతి చెప్పినప్పుడూ అంతే. రేవులు బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు వచ్చేటట్టు చూడమంటాడు. ఆ గుర్రాలూ ఏనుగులూ శత్రువుకు చేరకుండా దూరదేశపు వర్తకులను మంచి ధరలిచ్చి, గౌరవించి దగ్గర పెట్టుకోమంటాడు. చాలా తెలివైన మాట. అయితే ఆ గుర్రాలకు బదులు మనం ఇచ్చింది ఏమిటో, అది ఎవరి చేతుల్లో తయారైందో ఆముక్తమాల్యద కర్తకు కూడా చెప్పవలసినంత విషయంగా తోచలేదు. ఏలేవాడి దృష్టిలో వాణిజ్యమంటే దిగుమతే.

శాసనాలు కొంత మెరుగు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సంగతి చరిత్ర విద్యార్థులకు తెలుసు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన ఆ చిన్న ఊరు ఆనాడు పెద్ద రేవు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను అలా చేయనని, ముప్పైకి ఒకటి చొప్పున సుంకం మాత్రమే తీసుకుంటానని రాజు మాట ఇచ్చాడు. దీన్ని కరుణకు నిదర్శనంగా చెప్పుకుంటారు. కరుణ ఉండవచ్చు. దానితోపాటు లెక్క కూడా ఉంది. ఓడల్ని దోచుకునే రేవుకు రెండోసారి ఓడ రాదు. దోపిడి మీద ఒకసారి వచ్చేదానికన్నా సుంకం మీద ఏటేటా వచ్చేది ఎక్కువని గ్రహించిన రాజు గణపతిదేవుడు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ అలాంటి అభయమే ఇవ్వవలసి వచ్చిందంటే ఆ నమ్మకం మధ్యలో ఎంత చెడిందో ఊహించుకోవచ్చు. గణపతిదేవుడి శాసనంలో సుంకాల పట్టీ ఉంది. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, పగడం, పట్టునూలు, మిరియం, పోకలు. వీటిలో ఎక్కువ భాగం మళ్ళీ వచ్చే సరుకే.

పోయే సరుకును చూసి చెప్పినవాడు పరాయివాడు. 13వ శతాబ్దం చివర మార్కోపోలో ఈ తీరాన్ని గురించి చెప్పినప్పుడు, 'ముత్ఫిలి' అని తన నోటికి వచ్చినట్టు పిలిచిన ఈ రాజ్యంలో సాలెపురుగు గూడంత సన్నని బట్ట నేస్తారని, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజుగాని రాణిగాని లోకంలో ఉండరని వర్ణించాడు. ఆయన మాటలన్నీ నమ్మనక్కరలేదు. గణపతిదేవుడి కూతురైన రుద్రమను ఆయన భార్యగా చెప్పిన పెద్దమనిషి ఆయన. కాని బట్ట విషయంలో ఆయనకు పొరపాటు పడే అవసరం లేదు. వర్తకుల ఇంట పుట్టిన కన్ను అది.

జవాబు బట్ట. మిరియాలకు, కర్పూరానికి, రాగికి, గుర్రానికి మన తీరం ఇచ్చినవాటిలో వజ్రాలున్నాయి, బియ్యం ఉంది, ఇనుమూ ఉక్కూ ఉన్నాయి. వీటన్నిటి కన్నా ఎక్కువగా, ఎక్కువకాలం వెళ్ళింది నూలుబట్ట. సాలెలు, దేవాంగులు, కైకాలవారు నేశారు. ముతకగుడ్డ మాలపల్లెల్లో నేశారు. నూలు వడికింది దాదాపు అన్ని కులాల ఆడవాళ్ళూ. మన సాహిత్యం బట్టను చూడలేదని కాదు. సోమనాథుడు బట్టల రకాలను ఊపిరాడకుండా ఏకరువు పెడతాడు. అంతేకాదు, ఆయన బసవపురాణంలో జేడర దాసయ్య అనే నేతగాడు కథానాయకుడుగానే ఉన్నాడు. తాను నేసిన వస్త్రాన్ని జంగమరూపంలో వచ్చిన శివుడికి ఇచ్చేస్తాడు. చేతిపని చేసే మనిషికి ఇంత గౌరవమిచ్చిన కథ మన ప్రాచీన సాహిత్యంలో అరుదు. అయినా అక్కడ కూడా బట్ట దానంగానే చేతులు మారింది. అమ్మకానికి పోయే బట్ట, బయానా తీసుకుని నేసే బట్ట, దాని బేరం, దాని తగవు ఏ కవికీ వస్తువు కాలేదు.

17వ శతాబ్దంలో ఈ బట్టకు గిరాకీ ఎలా పెరిగిందో చూడండి. డచ్చివారు 1606 నాటికి మచిలీపట్నంలోనూ, వారు పెటపోలి అన్న నిజాంపట్నంలోనూ వర్తకస్థానాలు పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం చేరారు. వీళ్ళు వచ్చింది మన బట్ట తమ దేశంలో అమ్ముకుందామని కాదు. వాళ్ళకు కావలసింది లవంగం, జాజికాయ, మిరియం. ఆ దినుసులు పండే దీవుల జనం యూరపు సరుకును ముట్టలేదు. వాళ్ళు అడిగింది కోరమాండల్ బట్ట. ఈ బట్ట లేనిదే మొలక్కాదీవుల్లో బేరమే లేదని, అందుచేత ఈ తీరం ఆ దీవులకు ఎడమచెయ్యి వంటిదని 1612లో హెన్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి రాసుకున్నాడు. వెండి బంగారాలు ఇక్కడికి, ఇక్కడి బట్ట జావాకూ మొలక్కాకూ, అక్కడి దినుసులు ఆంస్టర్‌డాంకు. రెండు దేశాల మధ్య పరస్పర వాణిజ్యం అని మనం పాఠాల్లో చెప్పేది చరిత్రలో చాలాసార్లు ఇలా మూడో మనిషి జేబులోంచి నడిచింది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది మరో సంగతి. ఎగుమతికి నేసే, అద్దే మనిషి తాను ఎన్నడూ చూడని కొనుగోలుదారు మనసు తెలుసుకోవలసి ఉంటుంది. సయాంకు పోయే అద్దకం వేరు, పారశీకానికి పోయేది వేరు, మలయాదీవులకు వేరు, లండనుకు వేరు. సయాం రాజాస్థానం తనకు కావలసిన రూపులు గీయించి పంపేది. పారశీకులకు సరుగుడు వంటి కోసు చెట్టు, మామిడిపిందె వంటి బుటా కావాలి. ఇంగ్లీషువారు ఎర్రటి నేల వద్దు, తెల్లనేల మీద పువ్వులు కావాలన్నారు. నమూనాలు ఓడల్లో వచ్చేవి. బందరు, పెడన, పాలకొల్లు ప్రాంతాల అద్దకపువారు చూడని చెట్టుకు ఆకులు దిద్దారు. దీన్ని కొందరు కళాచరిత్రకారులు అనుకరణ అని తేలికచేస్తారు. ఒక్క ఊళ్ళో కూర్చుని నాలుగు దేశాల అభిరుచిని చేతిలో పెట్టుకున్నవాణ్ణి అనుకర్త అనడం నాకు రుచించదు.

పని ఎంత కష్టమో కూడా తలచుకోవాలి. బట్టను కరక్కాయ నీళ్ళలోనూ పాలలోనూ నానబెట్టాలి. లేకపోతే రంగు పాకుతుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన నలుపుతో గీతలు. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు అద్దాలి. అప్పటికి అక్కడ ఏ రంగూ కనబడదు. చిరివేరు వేసి ఉడికించినప్పుడు పటిక పట్టినచోట మాత్రమే ఎరుపు లేస్తుంది. ఆ చిరివేరు మన కోస్తా ఇసుకనేలల్లో పెరిగేది. నిజాంపట్నం ప్రాంతపు వేరుకు ప్రత్యేకమైన పేరుండేది. నీలి కావాలంటే ఎరుపు చోటంతా మైనంతో మూసి నీలితొట్టిలో ముంచాలి. మధ్యమధ్య పారే నీటిలో ఉతుకు, ఎండలో ఆరవేత. ఉతికినకొద్దీ నిగ్గుదేలే ఈ రంగును చూసి యూరపు వెర్రెత్తింది. ఇంత జరిగాక ఆ పనికి నిలిచిన పేరు చూడండి: కలంకారీ. పారశీక పదం. కొన్నవాడి భాషలోని పేరు. అద్దకం అన్న మన మాట ఇంటిపేరులా లోపల మిగిలింది.

తెల్లబట్టకు, గళ్ళబట్టకు మరో దారి ఉంది. దాన్ని చెప్పకుండా దాటవేస్తే ఈ వ్యాసం కూడా అవతారిక పద్యంలాగే అవుతుంది. కోరమాండల్ నుంచి వెళ్ళిన నీలిబట్టలకు, గళ్ళబట్టలకు యూరపు వర్తకులు గినీబట్టలని పేరుపెట్టారు. గినీ పశ్చిమాఫ్రికా తీరం. అక్కడ ఆ బట్టలిచ్చి మనుషుల్ని కొన్నారు. కొన్న మనుషుల్ని అమెరికా తోటలకు తోలారు. ఇక్కడ మగ్గం గుంటలో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు. తన తాను ఎవరి మెడకు వెలకట్టిందో తెలియకపోవడం కూడా ఈ ఎగుమతి వాణిజ్యంలో ఒక భాగమే.

యూరపులో మన బట్టకు గిరాకీ పెరిగిన తీరే దానికి ముప్పు తెచ్చింది. అక్కడి ఉన్నినేతగాళ్ళు, పట్టునేతగాళ్ళు గగ్గోలుపెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని అడ్డుకుంటూ ఒక చట్టం, 1721లో కట్టుకోవడాన్నే అడ్డుకుంటూ మరో చట్టం చేసింది. 1719లో లండను నేతగాళ్ళు వీధుల్లో అద్దకపు బట్ట కట్టుకున్న ఆడవాళ్ళమీద పడి చీరలు చింపినట్టు గౌనులు చింపారు. వాళ్ళూ మగ్గం మనుషులే, వాళ్ళ కడుపులూ కాలాయి. తేడా ఏమిటంటే, వాళ్ళ కేక వాళ్ళ పార్లమెంటుకు వినిపించింది. మన నేతగాడి కేక వినవలసిన ప్రభుత్వం ఆ తర్వాత వర్తకుడి చేతిలోకే పోయింది.

ఇది కీలకమైన ఘట్టం. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు, ఆర్మీనియన్, మొగలు వర్తకులు పోటీపడి కొంటున్నంతకాలం నేతగాడికి కొంత వెసులుబాటు ఉండేది. బయానా ఇచ్చినవాడు ధర తగ్గిస్తే బయానా తిరిగి ఇచ్చి ఇంకొకడికి నేయవచ్చు. 18వ శతాబ్దపు దక్షిణభారత నేతగాళ్ళ మీద ప్రసన్నన్ పార్థసారథి 2001లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని బలంగా చెప్పింది. ఆనాటి నేతగాడు దిక్కులేనివాడు కాడని, బేరమాడే హక్కు ఉన్నవాడని ఆయన వాదం. 1765–66లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాక పరిస్థితి తిరగబడింది. కొనేవాడే పాలించేవాడయ్యాడు. ఇంజరం, మాదపోలం వంటి వర్తకస్థానాల్లో కంపెనీ రెసిడెంటు కూర్చున్నాడు. అతని మనుషులు మగ్గాలు లెక్కపెట్టారు. బయానా ఒకసారి పుచ్చుకుంటే అది అరదండమే. ఇతరులకు నేస్తే శిక్ష, నాసిరకమని బట్ట తిప్పికొడితే నష్టం నేతగాడిది. ఈ స్థితిలో తాను ఎగుమతిదారు దేశపు మనిషినని చెప్పుకుని ఆ నేతగాడు ఏం బావుకుంటాడు?

నేతగాళ్ళు ఊరుకోలేదు. 18వ శతాబ్దం చివరి పాదంలోనూ, 19వ శతాబ్దం తొలి పాదంలోనూ గోదావరి, విశాఖ ప్రాంతాల్లో పలుమార్లు మగ్గాలు ఆపారు, ఊళ్ళు విడిచారు, గుంపులుగా కదిలారు, అర్జీలు పెట్టారు. ఈ ఉద్యమాలను, సాక్ష్యాలను, అర్జీలను వెలికితీసిన పి. స్వర్ణలత కృషిని మన సాహిత్య విద్యార్థులు తప్పక చదవాలి. ఉత్తర కోరమాండల్ నేతగాళ్ళ మీద ఆమె గ్రంథం 2005లో వచ్చింది. దానిమీద మన సాహిత్య సభల్లో చర్చ జరగ్గా నేను వినలేదు.

1813లో కంపెనీ గుత్తాధిపత్యం రద్దయింది. అప్పుడు మొదలైంది అసలు తారుమారు. లండనుకు మనం ఒకప్పుడు కొత్త బజారు అమ్ముకునేవాళ్ళం. ఇప్పుడు మనమే వాళ్ళ కొత్త బజారు. రజనీ పామీదత్ 'ఇండియా టుడే'లో ఇచ్చిన అంకెలు అప్పటి మన తరం కార్యకర్తలకు కంఠస్థం: 1814లో 10 లక్షల గజాలు కూడా లేని బ్రిటిషు నూలుబట్ట దిగుమతి 1835 నాటికి 5 కోట్ల 10 లక్షల గజాలు దాటింది. అదేకాలంలో బ్రిటనుకు వెళ్ళిన మన బట్ట 12 లక్షల 50 వేల తానుల నుంచి 3 లక్షల 6 వేల తానులకు పడిపోయింది. 1840 నాటి పార్లమెంటు విచారణ వేళ ఇక్కడికి వచ్చే బ్రిటిషు నూలు, పట్టుబట్టల మీద సుంకం నూటికి మూడున్నర. అక్కడికి పోయే మన నూలుబట్ట మీద నూటికి పది, పట్టుబట్ట మీద ఇరవై. స్వేచ్ఛావాణిజ్యమని పేరు!

ఇందులో యంత్రం పాత్రను తక్కువచేసి మాట్లాడను. ఆవిరిమగ్గం ముందు చేతిమగ్గం ధరలో నిలవలేదు. లాంకషైరులోనే వేలాది చేతిమగ్గాలవాళ్ళు చితికిపోయారు. వాళ్ళ దుఃఖం మన దుఃఖానికి తోబుట్టువే. అయితే యంత్రం వచ్చినప్పుడు దానికి ఎదురుగా తన సుంకం తాను నిర్ణయించుకోగల దేశం ఒక రకంగా నిలుస్తుంది, నిర్ణయించుకోలేని దేశం మరోరకంగా కూలుతుంది. 1721లో ఇంగ్లండు చేసుకోగలిగింది 1821లో మనం చేసుకోలేకపోయాం. అంకెల కన్నా ఈ తేడాయే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

మగ్గం పూర్తిగా చచ్చిపోయిందని ఉపన్యాసాల్లో అనడం కూడా సరికాదు. మిల్లునూలు కొని, తక్కువ కూలికి, ఎక్కువ గంటలు నేసి అది బతికింది. చీరాల రుమాళ్ళు అరబ్బు దేశాలకు, బర్మాకు, పశ్చిమాఫ్రికాకు 20వ శతాబ్దంలో కూడా వెళ్ళాయి. నైజీరియాలోని కలబరి ప్రజలకు మన గళ్ళబట్ట పుట్టుక దగ్గర్నుంచి చావు దాకా ప్రతి ముఖ్యఘట్టంలోనూ కావలసిన వస్త్రమైంది. వాళ్ళు ఆ బట్టలోని కొన్ని నూలుపోగులను కోసి, లాగి, దానిమీద తమ సొంత రూపు తేల్చేవారు. ఎక్కడో ఒకచోట బట్టను నేసినవాడికీ కట్టినవాడికీ మధ్య కంపెనీ లేని సంభాషణ నడిచిందనిపిస్తుంది ఇది చదివినప్పుడు. ఆ సంభాషణకు మన వైపు నుంచి ఒక్క కథ అయినా రాలేదు.

మాదపోలం మాట చెప్పి అర్జీల దగ్గరికి వస్తాను. నరసాపురం పక్కన ఇంగ్లీషువారి వర్తకస్థానం ఉన్న ఊరది. అక్కడి మెత్తని తెల్లబట్టకు ఊరిపేరే పేరైంది. ఊరిని గోదావరి కోసేసింది. పేరు మాత్రం ఓడెక్కి వెళ్ళింది. 19వ శతాబ్దంలో లాంకషైరు మిల్లులు అలాంటి బట్ట తయారుచేసి దానికి మాదపోలమనే పేరుపెట్టి ప్రపంచమంతా అమ్మాయి, మనకూ అమ్మాయి. గోదావరి జిల్లా రైతు బజారుకు పోయి గోదావరి ఒడ్డు ఊరిపేరున్న విలాయతీబట్ట కొనుక్కున్నాడు. తెచ్చిన పద్దులో ఈసారి మన పేరే ఉంది.

ఇక అర్జీలు. అవి మనకు దొరికేది ఎక్కువగా కంపెనీవారి ఇంగ్లీషు కాగితాల్లో చేరిన రూపంలో. అయినా వాటి వెనక తెలుగు వాక్యం ఉంది. తన బట్ట గజాల లెక్క, నూలు ధర, రెసిడెంటు మనుషులు చేసిన దౌర్జన్యం, పిల్లల ఆకలి ఒక వరుసలో పెట్టి న్యాయం అడిగే గద్యం అది. తెలుగు వచన వికాసం గురించి రాసేటప్పుడు మనం చిన్నయసూరి, వీరేశలింగం అంటూ మొదలుపెడతాం. సి.పి. బ్రౌన్ ఇంకో దారి చూపాడు. 1852లో ఆయన అచ్చువేసిన తెలుగు రీడరులో పాఠాలుగా పెట్టింది కావ్యభాగాలను కాదు, సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవిన్యూ వ్యవహారాల కాగితాలు. భాష నేర్చుకునే దొరకు ఇవే పనికొస్తాయని ఆయన ఉద్దేశం కావచ్చు. ఎం.ఏ. తెలుగు పాఠ్యక్రమంలో హరవిలాసం అవతారిక పక్కన ఒక నేతగాడి అర్జీని పెట్టి, రెండిటినీ ఒకే గంటలో చదివించమని నేను కోరుతున్నాను. విద్యార్థులు మొదట నవ్వుతారు. నా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి నవ్వలేదు. వాళ్ళ నాన్న మగ్గం నేస్తాడు. ఆ ఓడలో వెళ్ళిన బట్టకు కూలి ఎంత ఇచ్చారండీ అని అడిగింది.